నిలబడితేనే కనిపించే నరాలు

ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి నేను డైరీ రాస్తున్నాను. రిటైరై ఇన్నేళ్ళయినా మానలేదు. అయితే ఎనభైల చివరి సంవత్సరాల డైరీలు తీసి చూస్తే ఎండ, వాన, ఆఫీసు పని, ఇంట్లో ఎవరికి ఏం సుస్తీ అన్న విషయాలే తప్ప ఇంకేమీ ఉండవు. ఆ రోజుల్లో జగిత్యాలలో డైరీ రాసేవాడెవడైనా అంతే రాసేవాడు. ఇల్లు వెతకడానికి ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు. ఏ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియదు. మా బావ కాలి కొలతలు మాత్రం వాటిలో వారం వారం రాసి ఉన్నాయి. మిగతా సంగతి జ్ఞాపకం నుంచి రాస్తున్నాను.

నేను కాలువల ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేసేవాణ్ణి. ఇంజనీర్లు గీసిన పటాలను పలచని ట్రేసింగ్ గుడ్డ మీదికి సిరాతో ఎత్తి గీయడం నా పని. మా అక్కను సిరిసిల్లలో ఇచ్చారు. బావ నేతపనివాడు. పెళ్ళినాటికి గుంట మగ్గం మీద నేసేవాడు. గుంటలోకి కాళ్ళు జార్చి కూర్చుని, తొక్కుడు కర్రలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ రోజంతా గడిపేవాడు. కాళ్ళు ఆడితేనే మగ్గం ఆడేది. తర్వాత ఆ పనికి కూలి గిట్టక ఊరంతా మరమగ్గాలకు మళ్ళింది. సిరిసిల్లలో వాటిని సాంచెలంటారు. సాంచె కరెంటుతో ఆడుతుంది. మనిషి నిలబడాలి, అంతే. రెండు వరసల సాంచెల మధ్య సందులో నిలబడి, పోగు తెగితే అతకాలి, నూలు కండె అయిపోతే మార్చాలి. కూర్చుంటే అవతలి సాంచె మీద తెగిన పోగు కనబడదు. అందుకని షెడ్డులో కూర్చోవడానికి ఏమీ ఉంచరు. ఒక వారం పగటి పని, ఒక వారం రాత్రి పని. పని ఏ పూటదైనా నిలబడడం మాత్రం తప్పదు.

అట్లా కొన్నేళ్ళు నిలబడ్డాక బావ కాళ్ళ మీద నరాలు తేలాయి. మొదటిసారి నేను వాటిని సరిగా చూసింది మా ఇంట్లోనే. ఏదో శుభకార్యానికి అక్కాబావ జగిత్యాల వచ్చారు. బావ లుంగీ మోకాళ్ళ పైకి మడిచి వాకిట్లో గోడకు ఆనుకుని నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. ఎడమ కాలి తొడ లోపలి వైపు నుంచి చీలమండ దాకా వేలి లావున నరం మెలికలు తిరుగుతూ దిగింది. పిక్క మీద చిన్న చిన్న పాయలు నీలంగా విడిపోయి ఉన్నాయి.

"ఏంది బావా ఇది?" అన్నాను.

"కనబడ్తలేదా? నీ కాలువలే. ఆఫీసుల గీసుడు సరిపోతలేదని దేవుడు నా కాలు మీద గుడ గీసిండు. ఇగో పెద్ద కాలువ, ఇగో పిల్ల కాలువలు. సూస్కొని గీస్కో, జీతం పెంచుతరు."

"నొప్పి లేస్తదా?"

"నొప్పెందుకు లేస్తది? పొద్దుగూకేసరికి జెర బరువుంటది, ఇసుక సంచి కట్టినట్టు. అంతే."

అక్క లోపలి నుంచి వినబడేటట్టే అంది. "నొప్పులన్ని నా కాళ్ళకే అచ్చినయ్ తమ్మీ. మీ బావకు నరాలచ్చినయ్, నాకు నొప్పులచ్చినయ్. ఆలుమొగలం పంచుకున్నం."

అది నిజమే. అక్క బీడీలు చుట్టేది. చాట ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు చాపుకుని పొద్దస్తమానం కూర్చునేది. పిక్కలు గుంజుతున్నాయని, పడుకున్నాక కండ పట్టేస్తోందని, కాళ్ళు ఒకచోట ఉండనీయడం లేదని చెప్పేది. చూడబోతే ఆమె కాళ్ళు చిన్నపిల్ల కాళ్ళలా నున్నగా ఉండేవి. ఒక్క నరం పైకి లేదు. అందుకని ఆమె బాధను ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. వచ్చినవాళ్ళంతా బావ కాలు చూసి అయ్యో అనేవాళ్ళు. బావ నవ్వేవాడు.

నవ్వు తగ్గింది పుండుతోనే. చీలమండకు కాస్త పైన, లోపలి వైపు చర్మం ముందు దురద పెట్టింది, తర్వాత నల్లబడింది, గట్టిపడింది. ఒకనాడు షెడ్డులో కింద ఉంచిన కండెల పెట్టె అంచు గీరుకుంది. చిన్న గీత. వారంలో మానవలసినది మానలేదు. పసుపు పెట్టారు, వేపాకు నీళ్ళతో కడిగారు, ఎవరో చెబితే మందుబిళ్ళ పొడి చేసి చల్లారు. అది రూపాయి బిళ్ళంత అయి, అంచులు లేచి, పసుపుపచ్చగా కారడం మొదలుపెట్టింది. కాలు వాచింది. షెడ్డు సేటు మంచివాడే, కానీ సాంచెలు ఖాళీగా ఉంచలేడు కదా. "కాలు మంచిగ జేస్కొని రా, నీ జాగ నీకుంటది" అన్నాడట. ఎంతకాలం ఉంచుతాడో ఆయనా చెప్పలేదు, బావా అడగలేదు.

కోరుట్లలో ఒక డాక్టరు ఇట్లాంటి పుండ్లు మాన్పుతాడని ఆఫీసులో ఎవరో చెప్పారు. సిరిసిల్ల నుంచి కథలాపూర్ మీదుగా కోరుట్లకు బస్సు ఉంది. జగిత్యాల నుంచి నేను వెళ్ళేవాణ్ణి. అక్కాబావ అటు నుంచి వచ్చేవారు. దవాఖానా వరండాలో కలుసుకునేవాళ్ళం.

ఆ వరండా నిండా బీడీలు చుట్టే ఆడవాళ్ళే. అందరివీ కాళ్ళే, నడుములే. మొదటిసారి వెళ్ళిన రోజున ఒక పెద్దావిడ బావ కాలును వంగి మరీ చూసి, "అయ్యో కొడుకా, గిన్ని పాములను కాలుకు సుట్టుకొని ఎట్ల నడుస్తున్నవ్?" అంది.

"అవి కరువయ్ అవ్వా, సాదుకున్నయే" అన్నాడు బావ.

"నాకు ఒక్కటి గుడ లేదు. గని కాళ్ళు కోసి అవుతల పారేద్దామన్నంత గుంజుతయ్."

"అయితే రెండిస్త తీస్కపో. నీ నొప్పి జెర ఇయ్యి. డాక్టర్‌కు సూపిచ్చుకోను నాకేదన్న ఉండాలె గద."

వరండా అంతా నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు. ఆ పెద్దావిడ కాళ్ళనే చూస్తూ కూర్చుంది.

డాక్టరు బావను ముందు బల్ల మీద పడుకోబెట్టి కాలు పైకెత్తాడు. మా కళ్ళముందే నరాలన్నీ మాయమయ్యాయి. తాడులా ఉబ్బిన చోట చిన్న గాడి మాత్రం మిగిలింది. తర్వాత నిలబెట్టాడు. కిందినుంచి ఒక్కొక్కటే నిండుతూ పైకి వచ్చాయి. నేను కాలువల ఆఫీసువాణ్ణని తెలుసుకుని నాకు అర్థమయ్యే భాషలో చెప్పాడు. కాళ్ళలో రక్తం ఎదురెక్కాలి. దారిలో తలుపులుంటాయి. ఎక్కిన రక్తం మళ్ళీ దిగకుండా అవి మూసుకుంటాయి. పిక్క కండరం ఆడితే రక్తం పైకి పోతుంది. ఏళ్ళ తరబడి కదలకుండా నిలబడితే, కొందరిలో ఆ తలుపులు చెడిపోతాయి. రక్తం కింద నిలిచిపోతుంది. నిలిచిన చోట చర్మం కుళ్ళుతుంది.

"ఆపరేషన్ చేసి ఈ నరం తీసెయ్యొచ్చు. కానీ పుండు మానకుండ కత్తి పెట్టద్దు. పుండు మానాలంటె పట్టీ కట్టాలె. పొద్దున లేవంగనె కట్టాలె, పండుకునేదాక విప్పద్దు. పండుకున్నప్పుడు కాలు గుండె కంటె ఎత్తుల ఉండాలె. ఈ రెండే మందు" అన్నాడు.

అక్క అప్పుడు అడిగింది. "మరి నాది, సారూ? నాకు నరాలు లేవు, నొప్పే ఉన్నది."

ఆయన ఆమె కాళ్ళను కూడా నిలబెట్టి, పడుకోబెట్టి ఓపికగా చూశాడు. "కనబడే నరానికి, కాలు బాధకు లెక్క కుదరదమ్మా. కొందరికి తాడంత నరముంటది, బాధుండది. కొందరికి ఏం కనబడది, నిద్రుండది. నీ బాధ నరాలతోని కాదని చెప్పలేను. అవునని గూడ చెప్పలేను" అన్నాడు. ఆమెకు బలానికి బిళ్ళలు రాశాడు. నాకు ఆ మాట నచ్చలేదు. దేనికైనా ఒక కారణం, ఒక కొలత ఉండాలనేది నా స్వభావం. ఇప్పటి పత్రికల్లో ఆరోగ్యం పేజీలు చదివినా ఆయన చెప్పినదానికి మించి నాకు తెలిసిందేమీ లేదు.

పట్టీ కట్టడం నేర్పింది అక్కడి ముసలి కంపౌండరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి. మాతో తెలుగులో మొదలుపెట్టి మధ్యలో ఉర్దూలోకి జారి మళ్ళీ వచ్చేవాడు. "వేళ్ళ కాంచి షురూ జెయ్యాలె భాయ్. పైన గట్టిగ, కింద ఢీలా కట్టినవనుకో, పాదం బూరె లెక్క వాస్తది. కింద గట్టిగ, పైకి పోయినకొద్ది హల్కా. సమజైందా? నీ బీవీకి గుడ నేర్పు. మొగోళ్ళు పట్టీ కట్టుకుంటె రెండు దినాలె."

దుకాణంలో కొన్న సాగే పట్టీలు నాలుగు ఉతుకులకే పీచులా అయ్యేవి. బావకు అది నచ్చలేదు. బట్ట నేసేవాడు బట్ట కోసం అంగడికి పోవడమేమిటని పౌరుషం. వాళ్ళింటి వెనక గదిలో పాత గుంట మగ్గం ఇంకా విప్పకుండా ఉంది. పుండు పేరున ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో బావ పురి ఎక్కువ పెట్టిన నూలుతో సన్నటి పట్టీ నేశాడు. పురి ఎక్కువ కావడం వల్ల అది లాగితే సాగేది, వదిలితే ముడుచుకునేది. తెల్లది నేస్తే పుండు కారిన మరకలు ఉతకలేక అక్క అవస్థ పడుతోందని, ఇంట్లో మిగిలిన నూలులో మరక కనబడని రంగు ఏరాడు. ముదురు ఆకుపచ్చ. ఏ చీర అంచుకో తెచ్చి మిగిలిన నూలు.

కంపౌండరు దాన్ని రెండు చేతులతో లాగి చూసి, "వాహ్! గిది విలాయతి పట్టీ కంటె మంచిగున్నది. నా మోకాళ్ళకు గుడ రెండు నెయ్యి" అన్నాడు. డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. నేను మూర కొలిచి చూసి అంచు ఎక్కడా వంకర పోలేదని ఆశ్చర్యపోయాను. మాలో ఎవరికీ ఆ రంగులో రంగు తప్ప ఇంకేమీ కనబడలేదు.

పుండు మానడం మొదలైంది. అడుగున ఎర్రటి కండ వచ్చింది. అంచుల నుంచి పలచని చర్మం లోపలికి పాకింది. వారం వారం చీలమండ దగ్గర, పిక్క దగ్గర టేపుతో కొలవమని డాక్టరు చెబితే నేనే కొలిచేవాణ్ణి. వాపు తగ్గుతోంది. రూపాయి బిళ్ళంత పుండు పావలా బిళ్ళంత అయింది. ఎండలు ముదరకముందే ఆపరేషన్ చేయిద్దామని డాక్టరు అన్నాడు. సేటు ఇంకా బావ స్థానంలో ఎవరినీ పెట్టలేదు. తాత్కాలికంగా ముస్తాబాద్ వైపు నుంచి వచ్చిన మనిషితో నెట్టుకొస్తున్నాడు. ఇంకో రెండు మూడు సార్లు కోరుట్ల వస్తే సరిపోతుంది.

ఆ రెండు మూడు సార్లలో మొదటిదానికి బావ రాలేదు.

అంతకు కొద్ది రోజుల ముందు ఆ దారి వెంట అడవిలో కాల్పులు జరిగాయి. అడవిలో ఆకుపచ్చ బట్టలతో తిరిగే దళంలో ఒకడు కాలికి తూటా తగిలి తప్పించుకున్నాడని అందరూ చెప్పుకుంటున్నారు. నిజమో అబద్ధమో ఎవరికీ తెలియదు. పోలీసులు బస్సులు ఆపి చూస్తున్నారు. ఆ రోజు అక్కకు జ్వరం, బావ ఒక్కడే బయలుదేరాడు. నేను వరండాలో ఎదురుచూస్తున్నాను. ఆ బస్సులోనే వచ్చిన ఒకామె దవాఖానా మెట్లెక్కుతూనే కంపౌండరుతో అంది. "బస్సుల కెల్లి ఒకాయన్ను దింపిన్రు. కాలుకు పచ్చ పట్టీ ఉన్నది. కుంటుతున్నడు పాపం. దళపోడేనట."

కంపౌండరు నా వైపు చూశాడు. నేను లోపలికి వెళ్ళి డాక్టరుతో చెప్పాను. అది నరాల పుండేనని ఒక్క ముక్క రాసివ్వమని అడిగాను. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "మొన్ననే నన్ను ఠాణకు పిలిచి అడిగిన్రు, అడవిల నుంచి అచ్చినోళ్ళకు కట్లు కడ్తున్నవా అని. అటు నుంచి వాళ్ళు గూడ ఒకసారి అచ్చి, ఎందుకు కట్టవు అన్నరు. ఇప్పుడు నేను రాస్తె ఆ కాగితం ఆయన్ను ఇడిపియ్యది. నన్ను తీస్కపోతది. ఈ వరండల ఉన్నోళ్ళందరిని ఎవరు సూస్తరు?" అన్నాడు. అందులో నేను కాదనగలిగిన మాట ఒక్కటీ లేదు.

ఎదురు బస్సు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. ఆ ఊరి పేరు రాయను. రోడ్డు పక్కనే ఠాణా. చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్ళ తీగ. గేటు దగ్గర జవాను నా గుర్తింపు కార్డు తీసుకుని లోపలికి పోయాడు. కాసేపటికి పిలిచారు.

బావను వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. పట్టీ విప్పేశారు. అది కింద పాము విడిచిన కుబుసంలా పడి ఉంది. నన్ను చూసి బావ నవ్వబోయాడు, కుదరలేదు.

ఎస్సై మన వైపు మనిషి కాదు, మాట కోస్తాది. "ఏమయ్యా, నువ్వేనా బావమరిదివి? ఏం ఉద్యోగం?"

"కాలువల ఆఫీసులో ట్రేసర్‌ని సార్. మ్యాపులు గీస్తాను."

చెప్పాక తెలిసింది ఆ మాట ఎక్కడ దిగిందో. "మ్యాపులా?" అన్నాడాయన కుర్చీలో ముందుకు వంగి. "ఏ మ్యాపులు? అడవివి కూడా ఉంటాయా? ఇంటికి తీసుకెళ్తావా?"

"కాలువలవే సార్. ఆఫీసు దాటి బయటికి రావు."

ఆయన రాసుకున్నాడు. తర్వాత బావ కాలు చూపించాడు. "ఇతనేమో నరాల జబ్బంటాడు. ఇందాకటి నుంచి చూస్తున్నా, ఒక్క నరం కనబడదు. పుండు మాత్రం ఉంది. తూటా రాసుకుపోతే అచ్చం ఇలాగే ఉంటుంది. నొప్పిగా ఉందా అంటే లేదంటాడు. ఇంత పుండుకి నొప్పి లేదంటే నమ్మమంటావా? ఏం నేర్పారయ్యా వీడికి?"

"నొప్పి లేదు సారూ. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. బరువుంటది, అంతే" అన్నాడు బావ బల్ల మీద నుంచే.

"ఈ బట్ట? ఈ రంగు?"

"నేనే నేసిన సారూ."

"దళానికి నేసిచ్చావా?"

"నా కాలుకు నేసుకున్న."

పక్కనున్న జవాను మన ప్రాంతంవాడే. "పచ్చదే దొరికిందా నీకు? లోకంల ఇంకో రంగే లేదా?" అన్నాడు. ఆ మాటలో కోపం కంటే జాలే ఎక్కువ వినిపించింది.

బల్ల మీద కాలు చాపి పడుకున్న మనిషికి నరాలు కనబడవు. అది అక్కడ తెలిసినవాళ్ళం మేమిద్దరమే. బావ చెప్పినా వాళ్ళు నమ్మలేదు. కాబట్టి నేను చెప్పాను. "పడుకుంటే కనబడవు సార్. ఒకసారి నిలబెట్టండి. మీ కళ్ళముందే వస్తాయి."

నిలబెట్టారు. బావ గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. డాక్టరు గదిలో చూసినట్టే నరాలు కింద నుంచి నిండుతూ వచ్చాయి. పిక్క మీద ముందు పాయలు, తర్వాత లావు నరం. జవాన్లు చుట్టూ చేరి చూశారు. ఒకడు వేలితో నొక్కి చూశాడు. నొక్కినచోట లోపలికి పోయి, వేలు తీయగానే మళ్ళీ లేచింది. నాకు ప్రాణం కుదుటపడింది.

ఎస్సై కూడా వంగి చూశాడు. నమ్మినట్టే ఉన్నాడు. కానీ తన నమ్మకం మీద ఒక మనిషిని వదిలే అధికారం ఆ రోజుల్లో ఆయనకూ లేదనుకుంటాను. "సర్కారు డాక్టరు వచ్చి చూసి చెప్పాలి. కబురు పంపాం. అప్పటిదాకా ఇలాగే నిలబడనీ. మళ్ళీ పడుకుంటే మళ్ళీ మాయమవుతాయి, ఆయనకేం చూపిస్తాం?" అన్నాడు.

సర్కారు డాక్టరు వేరే ఊళ్ళో శవపరీక్షలో ఉన్నాడు. ఎండ వరండా సగం దాకా ఉన్నప్పుడు నిలబెట్టారు. ఎండ వరండా దిగి, రోడ్డు దాటి, అవతలి గోడ ఎక్కే దాకా ఆయన రాలేదు. బావ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. షెడ్డులో పన్నెండు గంటలు నిలబడే మనిషే. కానీ అక్కడ సాంచెల మధ్య నాలుగడుగులు అటూ ఇటూ వేస్తాడు. ఇక్కడ కదలొద్దన్నారు. చీలమండ వాచడం నాకు కనబడుతోంది. టేపు అక్కర్లేకుండానే కనబడుతోంది. కొత్తగా వచ్చిన పలచని చర్మం పగిలి, పుండు అంచు నుంచి రక్తం సన్నగా కారి మడమ దాకా వచ్చింది. బావ దానివైపు చూడలేదు. రోడ్డు మీద పోయే బస్సులను చూస్తున్నాడు.

"కాసేపు కూర్చోనివ్వండి సార్. ఆయన రాగానే మళ్ళీ నిలబెడదాం. నిమిషంలో వచ్చేస్తాయి" అన్నాను.

ఎస్సై కాగితాల మీద నుంచి తలెత్తి నన్ను వింతగా చూశాడు. "నిలబెట్టమన్నది నువ్వే కదయ్యా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

ఇంకో మాటంటే ఆ మ్యాపుల దగ్గరికి పోతుందేమోనన్న భయం. నేను కూడా నిలబడే ఉన్నాను. అంతకు మించి నా చేతిలో లేదు.

చివరికి డాక్టరు జీపు దిగాడు. అలసిపోయి ఉన్నాడు, చొక్కా చేతులు ఇంకా మోచేతుల పైకి మడిచే ఉన్నాయి. మెట్ల మీద నుంచే కాలు చూసి, "వెరికోస్ పుండు. తూటా కాదు. ఎంతసేపయింది నిలబెట్టి? కూర్చోబెట్టండయ్యా, కాలు పైన పెట్టించండి" అని లోపలికి వెళ్ళి చాయ్ అడిగాడు. ఆ ఒక్క చూపు కోసమే ఆ పగలంతా.

వదిలారు. బావ చెప్పులు తొడుక్కుంటూ కింద వెతికాడు. "సారూ, నా పట్టీ?"

మన ప్రాంతం జవాను అతని భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా నడిపించాడు. "పానం దక్కింది, పో. పట్టీ అడుగుతున్నవా? అది మా దగ్గరనే ఉంటది. ఇంకోసారి గసొంటిది కట్టుకొని ఈ తొవ్వ మీద కనబడకు. నేనున్ననాడు నేనుంట, లేన్నాడు ఎవడుంటడో."

ఆ తర్వాతి ఆదివారం నేను జగిత్యాలలో తెల్లటి పట్టీలు కొనుక్కుని సిరిసిల్ల వెళ్ళాను. అక్క వాటిని చేతిలోకి తీసుకుంది గానీ విప్పలేదు. బావ మళ్ళీ షెడ్డు పనికి పోవడానికి ప్యాంటు వేసుకుంటున్నాడు. అంతకుముందు లుంగీయే కట్టేవాడు. పుండు మీద చిన్న గుడ్డముక్క పెట్టి, పైన ప్యాంటు జార్చుకున్నాడు.

"తెల్లయి తెచ్చిన బావా" అన్నాను.

"రంగు గాదు బామ్మర్ది. పట్టీనే. కాలుకు కట్టున్నోడంటే ఆపుతరు. ఆపితె విప్పుమంటరు. విప్పితె మళ్ళ నిలవడాలె."

"ఇంట్లనన్న కట్టుకో."

"ఇంటికి రారా? మొన్న మా వాడ వాడంత సూసిపోయిన్రు. మంచం కింద గుడ సూసిన్రు."

"కోరుట్ల పోకుంటె ఆపరేషన్ ఎట్ల? ఇంత దూరం అచ్చి…"

అక్క అందుకుంది. "నేను చెప్పి చెప్పి అలిసిన తమ్మీ. జగిత్యాల తీస్కపోయి నీ ఇంట్ల కట్టేసి ఉంచు, అప్పుడన్న మానుతది. ఇక్కడుంటే గీ మనిషి వినడు."

"నీ తమ్ముని ఇల్లు గుడ సూసి పోతరు. మ్యాపులు గీసెటోని ఇల్లు ముందుగాల సూస్తరు" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు. నేను డాక్టరు చెప్పినదంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. పట్టీ లేకుండా పుండు మానదు. పుండు మానకుండా ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకుండా ఆ కాలు నిలబడి పనిచేయనివ్వదు. అతను అన్నింటికీ తల ఊపాడు. ఒక్కటీ కాదనలేదు. నేను టేపు తీశాను, కొలుద్దామని. "వద్దు తీయి. కొలిస్తె తక్కువైతదా?" అన్నాడు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి పుండు అట్లాగే ఉంది. కొన్నాళ్ళు ఎండేది, మళ్ళీ పగిలేది. మెల్లగా పెద్దదయింది. అక్క రెండుపూటలా కడిగేది. ఆమె కాళ్ళు అప్పటికీ నున్నగానే ఉన్నాయి, అప్పటికీ గుంజుతూనే ఉన్నాయి. సేటు బావను రెండు సాంచెలకు తగ్గించాడు, తర్వాత ఒకదానికి. నేను కోరుట్ల డాక్టరును సిరిసిల్ల రమ్మని రెండుసార్లు అడిగాను. ఆ దారిలో ప్రయాణం చేయలేనన్నాడు.

ఒకసారి సెలవు మీద వెళ్ళి తిరిగి వస్తున్నప్పుడు బావ నన్ను సాగనంపడానికి బస్టాండు దాకా వచ్చాడు. వద్దంటే వినలేదు. ఇంటికొచ్చిన బామ్మర్దిని గుమ్మంలోంచి పంపితే మీ అక్క ఊకుంటదా అన్నాడు. పగటి పూట, మంచి ఎండ. నేను జగిత్యాల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బావ కింద కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ప్యాంటు అంచు కింద పాదం వాచి, చెప్పు పట్టీ లోపలికి దిగబడి ఉంది.

"ఇగ పో బావా. అగో, ఆ అరుగు మీద కూసో, కాలు పైన పెట్టుకో" అన్నాను.

"బస్సు కదలనీ. నువ్వు పోయినంక కూసుంట."

"నేను పోతనే ఉన్న గద."

"పోతున్నవ్ గని, పోలే గద ఇంక."

కండక్టరు టికెట్లు కొట్టడం అయిపోయింది. ఎవరో బస్సు పైకి మూటలు ఎక్కిస్తున్నారు. బావ ఎడమ కాలి మీది బరువు కుడి కాలి మీదికి మార్చాడు. కాసేపటికి మళ్ళీ ఇటు మార్చాడు. బస్సు తొందరగా కదిలితే బాగుండునని నేను ముందుకు చూశాను. డ్రైవరు హోటలు ముందు నిలబడి, సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు.